సీడర్ కొనేముందు గింజలు లెక్కపెట్టండి



జిద్దాలో పనిచేసే మా భాయిజాన్ పోయిన నెల వాట్సాప్‌లో ఒక వీడియో పంపారు. ట్రాక్టర్ వెనక నాలుగు సాళ్ల సీడర్. చూస్తుండగానే చేను ఈ చివర నుంచి ఆ చివరకు పూర్తి. కింద ఒక్క మాట రాశారు: "అమ్మీ కోసం ఇది తీసుకో, పైసల ఫికర్ చేయకు." నేను వద్దన్నాను. ఆయన నారాజ్ అయ్యారు. అమ్మీ మీద మొహబ్బత్ దూరంగా ఉన్న ఆయనకే ఉన్నట్టు, పక్కనే ఉన్న నాకు లేనట్టు ఒక మాట కూడా వచ్చింది. ఫోన్‌లో జవాబు చెప్పలేకపోయాను. ఇక్కడ రాస్తున్నాను, ఎందుకంటే మా చేవెళ్ల వైపు ఎకరం, రెండెకరాల్లో కూరగాయలు పండించే మన కుటుంబాలు చాలా ఇదే మషూరా అడుగుతున్నాయి: ఏ సీడర్ కొనాలి?

ముందు అమ్మీ సంగతి చెప్పాలి. ఆమెకు అరవై నాలుగేళ్లు. రెండేళ్లుగా కుర్సీ మీద కూర్చునే నమాజ్ చేస్తోంది. కింద కూర్చోవద్దు, వంగొద్దు అన్నాడు డాక్టర్. ఇంట్లో ఆ మాట వింటుంది. కొత్తిమీర వేసే రోజు మాత్రం మడిలో కింద కూర్చుని, పుల్లతో గీత గీసి, గింజలు వేసుకుంటూ, మట్టి కప్పుకుంటూ జరుగుతుంది. సజ్దాకు వంగని మోకాళ్లు కొత్తిమీరకు ఎట్లా వంగుతున్నాయి అమ్మీ అని ఒకసారి అడిగాను. "అల్లాహ్ కుర్సీ మీద కూడా కబూల్ చేస్తాడు బేటా, జమీన్ చేయదు" అంది.

అంటే మాకు సీడర్ షౌఖ్ కాదు, జరూరత్. భాయిజాన్‌కూ నాకూ అందులో తేడా లేదు. తేడా ఏ సీడర్ అన్న దగ్గరే.

మన పెద్దవాళ్లకు గొర్రు గుర్తుండే ఉంటుంది. కొయ్య పళ్లు, వాటి వెనక నిలబెట్టిన వెదురు గొట్టాలు, ఆ గొట్టాలన్నీ పైన కలిసే చోట చెక్క గిన్నెలాంటి జడ్డిగం. ఎడ్లు లాగుతుంటే వెనక నడిచే ఆడమనిషి పిడికిట్లోంచి గింజలు జారవిడిచేది. 1795లో థామస్ హాల్కాట్ అనే కెప్టెన్ దక్షిణాదిలో ఇలాంటి పనిముట్టును చూసి హైరాన్ అయ్యాడు. వరుసల్లో విత్తే నాగలి యూరప్ వాళ్ల కొత్త ఈజాద్ అనుకుంటున్న మనిషికి, ఇక్కడి రైతులు ఎప్పటినుంచో దాన్ని వాడుతున్నారని అప్పుడు తెలిసింది. ఆయన రాతలను ధరంపాల్ 1971లో అచ్చయిన తన పుస్తకంలో చేర్చారు.

ఆ గొర్రులో లెక్క తెలిసిన భాగం ఒక్కటే, ఆ పిడికిలి. కొయ్య, వెదురు, ఎడ్లు అన్నీ దాని చుట్టూ ఉన్న సామానే. ఇవాళ బజార్లో ఉన్న ప్రతి సీడరూ ఆ పిడికిలి పనిని ఒక ప్లేటుకో, రోలర్‌కో, ముక్కుల చక్రానికో అప్పగిస్తుంది. కాబట్టి కొనేముందు ఎన్ని సాళ్లు వేస్తుంది, ఎంత వేగం అని అడిగితే లాభం లేదు. నా గింజను ఇది సరిగ్గా పట్టి వదలగలదా అని అడగాలి. నేను అది అడగకుండానే కొన్నాను. నా తజుర్బా కూడా చెప్పేస్తాను.

మూడేళ్ల కిందట ఆన్‌లైన్‌లో ఒక తోపుడు సీడర్ తెప్పించాను. చక్రం చుట్టూ పక్షి ముక్కుల్లాంటివి ఉంటాయి, తోసుకుంటూ పోతే ఒక్కో ముక్కు నేలలో గుచ్చుకుని, తెరుచుకుని గింజ వదులుతుంది. బెండ వేద్దామని బయలుదేరాను. మా అమ్మీ ఆదత్ ప్రకారం గింజలు రాత్రంతా నానబెట్టింది. నేనూ ఏమీ అనలేదు. పైగా రెండు రోజుల ముందు వాన పడింది, మా కింది మడి రేగడి. తడి గింజలు డబ్బాలో ఒకదానికొకటి అంటుకున్నాయి. తడి రేగడి ముక్కుల్లో ఇరుక్కుంది. చక్రం మాత్రం టకటకమని తిరుగుతూనే ఉంది, కాబట్టి నాకు ఏమీ తెలియలేదు. ఆరో రోజు పోయి చూస్తే మూడు సాళ్లలో బారెడు బారెడు ఖాళీ, ఇంకోచోట ఒకే గుంటలో అయిదు మొలకలు. హైబ్రిడ్ బెండ గింజల ధర మీకు తెలుసు. అమ్మీ ఏమీ తిట్టలేదు. "బీజ్ కిత్తా గిరానా కి మషీన్ కు క్యా మాలూమ్ రే" అని, ఖాళీల్లో మళ్లీ గింజ పెట్టడానికి కూర్చుంది. మోకాళ్లు కాపాడటానికి కొన్న మషీన్ వల్ల ఆమె రెండుసార్లు కూర్చోవాల్సి వచ్చింది.

మషీన్‌ది కసూర్ కాదు. అదే చక్రం మా పైనున్న చెలకలో, పదును సరిగ్గా ఉన్న రోజు, పొడి మొక్కజొన్న గింజలతో చక్కగా నడిచింది. నానబెట్టిన గింజ ఏ సీడర్‌లోనూ జారదు. నానబెట్టాలనుకుంటే నీడలో పైపొర ఆరేదాకా పరిచి, వేళ్ల మధ్య విడివిడిగా జారుతుందని చూసుకున్నాకే డబ్బాలో పోయాలి.

ఇక గింజల హిసాబ్. మాలాంటి చేన్లలో ఒకే పంట ఉండదు. పాలకూర, కొత్తిమీర, మెంతి, తోటకూర, ముల్లంగి, బెండ, గోరుచిక్కుడు, ఒక మూల బీర. గ్రాము బెండ గింజలు పదిహేను, పద్దెనిమిది ఉంటాయి. గ్రాము తోటకూర గింజలు వెయ్యికి పైనే. ఒకే రంధ్రం ఈ రెండింటికీ సరిపోతుందని చెప్పే దుకాణాదారును నమ్మకండి. పాలకూర, బీట్‌రూట్ విషయంలో ఇంకో మెలిక ఉంది. మనం గింజ అనుకునేది నిజానికి ఒక గుత్తి, అందులోంచి రెండు మూడు మొలకలు వస్తాయి. ఎంత ఖరీదైన సీడర్ అయినా ఒక్కటే మొలక ఇవ్వలేదు, తరువాత పలచన చేయాల్సిందే. కొత్తిమీరకు గింజను రెండు బద్దలుగా విడదీసి వేస్తాం. చెప్పు కిందో, ఇటుక కిందో నలిపిన బద్దలు అన్నీ ఒక తీరుగా ఉండవు, దుమ్ము, పొట్టు కూడా వస్తాయి. చేటతో చెరిగి, జల్లెడ పట్టకుండా సీడర్‌లో పోస్తే నాలుగు గజాలకే ఆగిపోతుంది.

తోపుడు సీడర్లలో కూరగాయలకు పనికొచ్చేవి రెండు రకాలు. ఒకటి ప్లేట్ రకం, అమెరికా ఎర్త్‌వే లాంటిది. నిలువుగా తిరిగే ప్లాస్టిక్ ప్లేట్ గింజలను ఎత్తి వదులుతుంది. తేలిక, ధర తక్కువ. చిన్న గింజలు ప్లేటుకూ గోడకూ మధ్య దూరి నలిగిపోయే అవకాశం ఉంది. రెండోది రోలర్ రకం, కొరియా జాంగ్ లాంటిది. రోలర్ మీద గింజ సైజుకు తగ్గ గుంటలు, పైన అదనపు గింజలను తుడిచేసే బ్రష్. గింజకొక రోలర్ మార్చుకోవాలి, దూరం మార్చాలంటే పళ్ల చక్రాలు మార్చాలి. ఖర్చు ఎక్కువ, కానీ ఆకుకూరలు, ముల్లంగి వేసే వాళ్లకు నా ఓటు దీనికే. ఇదే పద్ధతిలో మన దగ్గర తయారైనవీ దొరుకుతాయి. రోలర్లు తరువాత విడిగా దొరుకుతాయా అని మాత్రం పైసలు ఇచ్చేముందే అడగండి. వరికి వాడే డ్రమ్ సీడర్‌ను కూరగాయలకు చూపించే వాళ్లు కూడా ఉన్నారు. అది దమ్ము చేసిన మడిలో మొలకెత్తిన వడ్లకు చేసింది, దాని సంగతి వదిలేయండి.

ఏ రకమైనా ఇంట్లోనే పరీక్షించవచ్చు. సీడర్‌ను ఎత్తిపట్టి, గింజ పడే చోట ఒక కవర్ కట్టి, చక్రం ఇరవై చుట్లు తిప్పండి. చక్రం అడ్డంగా 30 సెంటీమీటర్లు ఉంటే ఒక చుట్టు దాదాపు 94 సెంటీమీటర్లు, ఇరవై చుట్లు 19 మీటర్లకు కొంచెం తక్కువ. ముల్లంగి పది సెంటీమీటర్లకొకటి కావాలంటే కవర్లో సుమారు 190 గింజలు ఉండాలి. మూడు వందలుంటే రోలర్ మార్చాలి, వంద ఉంటే ఎక్కడో అడ్డుపడుతోంది. తరువాత వాకిట్లో ఒక పాత చాదర్ పరిచి దాని మీద తోయండి, విరిగిన గింజలు కనిపిస్తాయి. నేను పరీక్షించిన రోజు మెంతులు లెక్కపెట్టేలోపు పక్కింటి కోళ్లు సగం తినేశాయి. మనం విత్తింది పక్షి తిన్నా సదఖాయే అని హదీస్ ఉంది కదా అని అమ్మీ నవ్వింది. మందు పట్టించిన రంగు గింజలతో మాత్రం ఈ పని వాకిట్లో చేయకండి. చేతికి గ్లవ్స్ తొడుక్కోండి, పిల్లల్నీ కోళ్లనీ దూరంగా ఉంచండి.

భాయిజాన్ వీడియోలో కనిపించని విషయం ఒకటుంది. ఆ నేల పిండిలా ఉంది. మన మడిలో పెళ్లలు, నిరుటి పంట మోళ్లు ఉంటే తేలికపాటి సీడర్ గంతులేస్తుంది, చక్రం జారిన చోట గింజ పడదు. సీడర్‌కు పెట్టే పైసల్లో కొంత నేల మెత్తగా చేయడానికి, ఒక మంచి దంతెకు పెట్టడం మేలు.

ఇంకో మాట కూడా భాయిజాన్‌కు చెప్పాలి. విత్తే సమయం ఆదా అవుతుందని సీడర్ కొంటారు. మాకు విత్తడం ఒక పూట పని. కలుపు తీయడం మాత్రం పంట ఉన్నన్నాళ్లూ ఉంటుంది. సీడర్ అసలు ఫాయిదా అక్కడే. సాళ్లు తిన్నగా, సమాన దూరంలో ఉంటే మధ్యలో చక్రం గుంటుక నిలబడే తోసుకుంటూ పోవచ్చు. గింజలు చల్లిన మడిలో కలుపును కూర్చుని చేత్తోనే తీయాలి. మరి మాతో పనికొచ్చే ఇద్దరు ఆడవాళ్ల కూలి ఏమవుతుందని భాభీ అడిగింది. మంచి ప్రశ్నే. విత్తే పూట కూలి, కలుపులో కొన్ని రోజుల కూలి పోతుంది, అది దాచను. కోత, కట్టలు కట్టడం, మెహదీపట్నం రైతు బజార్‌కు సర్దడం మాకు ఎప్పుడూ చేతులు చాలని పనులు. వాళ్లను అక్కడికి పిలుస్తున్నాం.

నాలుగు సాళ్ల మషీన్ ఎందుకు వద్దన్నానో ఇప్పుడు తేలిగ్గా చెప్పగలను. మేం ఎకరం కొత్తిమీర ఒకేరోజు వేయం. అట్లా వేస్తే ఒకేరోజు కోతకొచ్చి, ఒకేరోజు ధర పడిపోతుంది. వారానికొక మడి వేస్తాం. రమజాన్‌లో గిరాకీ ఉంటుందని ముప్పై అయిదు, నలభై రోజుల ముందు నుంచి వరసగా వేసుకుంటూ వస్తాం. రమజాన్ ఏటా పది, పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది కాబట్టి ఆ మడుల లెక్క కూడా జరుగుతూ ఉంటుంది. ఇంత చిన్న మడిలో ట్రాక్టర్ తిరగడానికే జాగా ఉండదు.

పైసలు భాయిజాన్ ఇస్తారు సరే, అందరికీ జిద్దాలో భాయిజాన్ ఉండరు. మా ఊళ్లో ఒకాయన ఇలాంటి మషీన్ కిస్తుల మీద తీసుకుని, మషీన్ షెడ్డులో ఉండగానే సూద్ కడుతున్నాడు. ఉష్ర్ ఇచ్చేవాళ్లు ఇంకొకటి గుర్తుంచుకోవాలి. హనఫీ మస్లక్‌లో ఖర్చులు తీసేయకుండానే పైదావార్ మీద లెక్క కడతారు, వాన నీటికి పదో వంతు, బోరు నీటికి ఇరవయ్యో వంతు. మషీన్ ఖరీదు మిగిలిన దాంట్లోంచే రావాలి. మీ జమీన్ విషయం ఇమామ్ సాబ్‌ను అడగండి. నలుగురు కలిసి షిర్కత్‌లో కొనడం మంచిదే, ఒక షరతు మీద. వాన మీద వేసే పంటలకు పదును అందరికీ ఒకేసారి వచ్చి రెండు మూడు రోజుల్లో పోతుంది. నలుగురికీ అదే రోజు మషీన్ కావాలి, అక్కడ దోస్తీలు చెడతాయి. బోరు కింద, డ్రిప్ కింద వారం వారం ఆకుకూరలు వేసేవాళ్లకు ఆ ముష్కిల్ లేదు.

చివరికి నేను తీసుకున్నది ఒకే సాలు రోలర్ సీడర్, మూడు రోలర్లు. కొత్తిమీర, మెంతి, పాలకూర, ముల్లంగి దానితో వేస్తున్నాం. తోటకూర గింజ ఇసుకలో కలిపి అమ్మీ నిలబడే చల్లుతుంది, అందులో ఏ రోలరూ ఆమెకు సాటి రాదు. బెండ, గోరుచిక్కుడు, బీరకు మషీనే లేదు. నడుము ఎత్తున్న ప్లాస్టిక్ పైపు ముక్క ఒకటి తీసుకుని, పైన సగం కోసిన సీసా మూతివైపు గరాటాలా బిగించాను. దంతెతో గీసిన సాలు వెంబడి అమ్మీ నిలబడి నడుస్తూ, పైపులో రెండేసి గింజలు వదిలి, కాలితో మట్టి జరుపుతుంది. జడ్డిగం నుంచి మిగిలింది అంతే, ఒక గొట్టం, ఒక పిడికిలి.

ఆ వీడియో భాయిజాన్‌కు పంపాను. రెండు రోజులు జవాబు రాలేదు. మూడో రోజు ఫజర్ వేళకు మెసేజ్ వచ్చింది: "ఈ పైపు మషీన్ ఎంత?" మొన్న ట్యాంకు పని చేయించినప్పుడు మిగిలిన ముక్క అని రాశాను.