షరీఅత్‌ను సబ్‌రిజిస్ట్రార్ గడప బయటే వదిలేద్దామా?

ముస్లిం పర్సనల్ లా జోలికి ఎవరు వచ్చినా మనం మౌనంగా ఉండము. 1985లో షాబానో తీర్పు వెలువడినప్పుడు సభలు పెట్టాము. 2025 జనవరి 27న ఉత్తరాఖండ్‌లో ఉమ్మడి పౌరస్మృతి అమలులోకి వచ్చినప్పుడు నిరసించాము. నిరసించడం మన హక్కు. కానీ తండ్రి మిగిల్చిన ఇల్లు అమ్ముకునే రోజున అదే షరీఅత్‌ను సబ్‌రిజిస్ట్రార్ కార్యాలయం గడప బయట, చెప్పులతోపాటు వదిలి లోపలికి వెళుతున్నవారు మనలో ఎందరు? ప్రశ్న కటువుగా ఉన్నా అడగక తప్పదు.

నగరం, రేపల్లె, బాపట్ల, తెనాలి ప్రాంతాల్లో ఈ కథ అందరికీ తెలిసినదే. ఇల్లు తండ్రి పేరున ఉంటుంది. ఆయన కన్నుమూస్తాడు. కొంతకాలానికి అన్నదమ్ములు బేరం కుదుర్చుకుంటారు. కుటుంబ సభ్యుల ధ్రువపత్రం కోసం పెట్టే దరఖాస్తులో తల్లి పేరు, కొడుకుల పేర్లు ఉంటాయి. అత్తవారింటికి వెళ్లిన కూతుళ్ల పేర్లు ఉండవు. గుమాస్తాగా ఉన్న రోజుల్లో "ఆడపిల్లలు లేరా?" అని అడిగితే, "ఉన్నారండీ, పెళ్లిళ్లు అయిపోయాయి" అనే జవాబు నేను ఎన్నోసార్లు విన్నాను. పెళ్లయినంత మాత్రాన కూతురు కూతురు కాకుండా పోతుందా?

దివ్యఖుర్‌ఆన్ నిసా సూరా 7వ ఆయత్ స్త్రీలకూ వారసత్వంలో వాటా ఉన్నదని ప్రకటించింది. 11, 12 ఆయత్‌లు ఆ వాటాలను లెక్కకట్టి చూపాయి. నమాజు రకాతుల సంఖ్యను మన ఇష్టానికి తగ్గించుకోలేనట్లే ఈ లెక్కనూ తగ్గించుకోలేము. ఇక దేశ చట్టం సంగతి. మనం కాపాడుకోవాలని నినదించే 1937 నాటి షరీఅత్ చట్టం ముఖ్య ప్రయోజనాల్లో ఒకటి, ఆచారం పేరు చెప్పి ఆడపిల్లకు ఆస్తి ఎగ్గొట్టే పద్ధతిని తొలగించడమే. ఆ చట్టం వ్యవసాయ భూమిని మినహాయించగా, 1949లో మద్రాసు శాసనసభ చేసిన సవరణ ఆంధ్ర ప్రాంతంలో ఆ మినహాయింపునూ తీసివేసింది. అంటే మన దగ్గర ఇంటికీ పొలానికీ ఒకే న్యాయం.

లెక్క చూద్దాం. మరణించిన వ్యక్తికి భార్య, ఇద్దరు కొడుకులు, ఇద్దరు కూతుళ్లు ఉన్నారు. తల్లిదండ్రులు అంతకుముందే గతించారు. అప్పులు, భార్యకు చెల్లించని మహర్, చెల్లుబాటయ్యే వసియ్యత్ ఉంటే ముందు అవి తీర్చాలి. ఆ తరువాత మిగిలిన ఇంటి విలువ 48 లక్షలు అనుకుంటే, భార్యకు ఎనిమిదో వంతు, అంటే 6 లక్షలు. ఒక్కొక్క కొడుకుకు 14 లక్షలు, ఒక్కొక్క కూతురికి 7 లక్షలు. ఈ వాటాలు తండ్రి మరణించిన క్షణంలోనే ఏర్పడతాయి. ముస్లిం వారసత్వంలో ఉమ్మడి కుటుంబపు కర్త అంటూ ఎవరూ లేరు. పెద్దకొడుకైనా తన వాటా మాత్రమే అమ్మగలడు. తల్లి, ఇద్దరు కొడుకులు మాత్రమే సంతకాలు చేస్తే, కొన్నవారికి దక్కేది 48 పాళ్లలో 34 పాళ్లే. మిగిలిన 14 పాళ్లు ఆ అక్కచెల్లెళ్లవే.

దీనికి మనవారు చెప్పే సాకులు మూడు.

"కట్నం ఇచ్చి పంపాము కదా" అనేది మొదటిది. కట్నం 1961 చట్టం ప్రకారం నేరం, షరీఅత్‌లో దానికి స్థానమే లేదు. ఒక తప్పు చేసి, దాన్నే మరొక తప్పుకు రసీదుగా చూపిస్తామా?

"చెల్లెలు మాఫ్ చేసింది" అనేది రెండవది. తండ్రి బతికుండగా, ఇంకా పుట్టని హక్కును వదులుకున్నానని రాయించుకుంటే అది సాధారణంగా చెల్లదు. ఆయన మరణానంతరం వదులుకోదలిస్తే రిజిస్టరైన హక్కు విడుదల దస్తావేజు ఉండాలి. అంతకుముందు తన వాటా ఎంతో, దాని ధర ఎంతో ఆమెకు తెలియాలి. వాటా చేతికిచ్చి చూడండి. ఆ తరువాత ఆమె తిరిగి ఇస్తే అది మాఫీ. అడిగితే పుట్టింటి తలుపు మూసుకుపోతుందనే భయంతో పెట్టిన వేలిముద్ర మాఫీ కాదు.

"అబ్బా బతికుండగానే నాకు హిబా చేశారు" అనేది మూడవది. విశాఖపట్నంలోని ఒక కుటుంబ వివాదంలో సుప్రీంకోర్టు 2011లో ఇచ్చిన తీర్పును ఇందుకు చూపిస్తారు. కాగితం మీద రాసుకున్న హిబాకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదని ఆ తీర్పు చెప్పిన మాట నిజం. అయితే ఇస్తున్నానని ప్రకటించడం, పుచ్చుకున్నానని అంగీకరించడం, స్వాధీనం అప్పగించడం అనే మూడు షరతులూ నెరవేరి ఉండాలని కూడా అదే తీర్పు చెప్పింది. వాటిని రుజువు చేయవలసింది హిబా పొందానన్నవాడే. సంతానం మధ్య కానుకల్లో న్యాయం పాటించమన్న ప్రవక్త (స) బోధనను కూడా అతడు గుర్తుంచుకోవాలి.

మైనర్ల విషయంలో జరిగే పొరపాటు ఇంకా పెద్దది. తండ్రి పోయిన పిల్లల వాటాను తల్లి సంతకంతో అమ్మేస్తున్నారు. ముస్లిం న్యాయశాస్త్రం ప్రకారం తల్లి పిల్లల పెంపకానికి హక్కుదారే గాని వారి స్థిరాస్తికి సహజ సంరక్షకురాలు కాదు. 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద కోర్టు నియామకం, అనుమతి లేకుండా ఆమె చేసిన అమ్మకం చెల్లదు. యతీముల సొమ్ము గురించి ఖుర్‌ఆన్ ఎంత తీవ్రంగా హెచ్చరించిందో మనకు వేరే చెప్పాలా?

కొనేవారికీ ఒక మాట. ఈసీ శుభ్రంగా ఉందని నిశ్చింతగా ఉండకండి. ఈసీలో కనిపించేవి రిజిస్టరైన లావాదేవీలే. కూతురి హక్కు మరణంతో వచ్చింది, దస్తావేజుతో కాదు. అందువల్ల అది అందులో కనిపించదు. ఇంటికి వెళ్లి సంతానం ఎందరని అడగండి. కూతుళ్లందరి సంతకాలూ తీసుకోండి. మరణించిన కూతురు ఉంటే, ఆమె తండ్రికి ముందు పోయిందా తరువాత పోయిందా అని విచారించండి. తరువాత పోయినట్లయితే ఆమె వారసుల సంతకాలు కూడా అవసరమే. అగ్రిమెంటు, జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ కాగితాలతో ఇల్లు మీదైపోదని సుప్రీంకోర్టు 2011లోనే స్పష్టం చేసింది. జీవితకాలం కూడబెట్టిన సొమ్ము పెట్టి కొన్న ఇంటిపై భాగపరిష్కార దావా పడితే, అమ్మిన అన్నదమ్ములు మీ వెంట కోర్టుకు రారు.

మన మస్జిద్ కమిటీలకు నా విజ్ఞప్తి ఒక్కటే. మహల్లాలో ఎవరైనా మరణిస్తే, వితంతువు ఇద్దత్ ముగిసేలోగా వారసులందరి పేర్లు, వారి వాటాలు ఒక కాగితం మీద రాయించండి. ఒక ఆలిమ్, ఒక న్యాయవాది దాన్ని సరిచూడాలి. కూతుళ్ల చేతికి కూడా ఒక ప్రతి ఇవ్వాలి. దీనికి ఏ ప్రభుత్వ అనుమతీ అక్కరలేదు, ఖర్చూ లేదు.

పర్సనల్ లాను ఇతరుల నుండి కాపాడే ముందు మన చేతుల నుండి కాపాడుకోవాలి. అక్క సంతకం లేని దస్తావేజు చేతిలో పట్టుకుని షరీఅత్ జిందాబాద్ అంటే లోకం నమ్మదు. అల్లాహ్ ముందు అసలే నిలవదు.