పూత మీద బేరం

సంక్రాంతి వెళ్లాక నూజివీడు నుంచి కొల్లాపూర్ దాకా మామిడి తోటలు పూతతో నిండిపోతాయి. ఆకు కనిపించనంతగా పూసిన ఏడు రైతు ఇంట్లో సంబరం ఇంతా అంతా కాదు. సరిగ్గా అప్పుడే గుత్తదారు తోటలోకి వస్తాడు. చెట్టు చెట్టూ తిరిగి, కొమ్మల్లోకి తలెత్తి చూసి, మొత్తం తోటకు ఒక రేటు చెబుతాడు. బయానా చేతిలో పడిందంటే ఆఖరి కోత అయ్యేదాకా కాయ అతనిది, చెట్టు మాత్రం రైతుది.

ఏప్రిల్ వచ్చేసరికి పట్నాల్లో ఒకటే ఫిర్యాదు: పైకి పసుపు, లోపల పులుపు, పండులో వాసనే లేదు. కోపమంతా కార్బైడ్ పెట్టిన వ్యాపారి మీదికి పోతుంది. తప్పు అక్కడ లేదని కాదు. అయితే ఆ పచ్చికాయ కథ మొదలయ్యేది జనవరిలో, పూత మీద కుదిరిన ఈ బేరంలో. దాన్ని మార్చకుండా పండ్ల గోదాముల మీద ఎన్ని దాడులు చేసినా ఫలితం అంతంత మాత్రమే.

పూత ఎంత నమ్మరానిదో దగ్గరగా చూస్తే తెలుస్తుంది. ఎర్రటి ఈనెల మీద వందలకొద్దీ చిన్న పూలు. వాటిలో చాలావరకు మగపూలే, కాయ కట్టగలిగే పూలు వాటి మధ్యన అక్కడక్కడా ఉంటాయి. తేనెటీగల కన్నా ఎక్కువగా మామూలు ఈగలే వాటి మీద వాలి పుప్పొడి మోస్తాయి. ఇంట్లో విసుక్కుని తోలే ఈగ మామిడి తోటలో కూలి అడగని పనిమనిషి! అంత పూసినా చివరికి పండేదాకా నిలిచేది నూటికి ఒక పువ్వు కూడా కాదు. పొగమంచు పట్టినా, బూడిద తెగులు సోకినా, తేనె మంచు పురుగు రసం పీల్చినా గుత్తులు మాడిపోతాయి.

అందుకే మందు కొట్టడానికి ఒక వేళ ఉంది. మొగ్గ దశలో ఒకసారి, పిందె బఠాణీ గింజంత అయ్యాక మరోసారి కొట్టాలి. పూత పూర్తిగా విచ్చుకున్నప్పుడు పురుగుమందు జోలికి పోకూడదు, పోతే ఈగలూ తేనెటీగలూ చస్తాయి. ఈ సంగతి గుత్తదారుకు తెలియక కాదు. ఒక్క సీజన్‌కు డబ్బు పెట్టినవాడికి పురుగు భయం ముందు కనిపిస్తుంది, వచ్చే ఏటి చెట్టు ఆరోగ్యం ఎక్కడో దూరంగా ఉంటుంది. కోత దగ్గరా అదే తీరు. కొమ్మ విరిగినా చిగురు రాలినా నష్టం అతని ఖాతాలో పడదు.

మరి రైతు ఎందుకు అమ్ముకుంటున్నాడు? దేశంలో కమతాల్లో 86 శాతం ఐదెకరాల లోపువే అని 2015-16 వ్యవసాయ గణన చెబుతోంది. పాత పద్ధతిలో పది మీటర్లకొకటి చొప్పున నాటిన తోటలో ఎకరానికి 40 చెట్లు, మూడెకరాలకు 120. దున్నకం, మందులు, నీళ్లు, కాపలా, అన్నిటికీ డబ్బు కావలసింది పూత కాలంలోనే. చేతిలో మాత్రం పైసా ఉండదు. పైగా ఏప్రిల్, మే నెలల్లో ఒక్క గాలివాన వస్తే సగం కాయ నేల మీదే. ఆ భయాన్ని గుత్తదారు డబ్బిచ్చి మరీ తన నెత్తిన వేసుకుంటున్నాడు. అతన్ని దుర్మార్గుడిగా చూపి లాభం లేదు.

పెట్టిన సొమ్ము త్వరగా రాబట్టుకోవాలనుకునేవాడు మార్చి ఆఖరుకే కోత మొదలుపెడతాడు, తొలి లోడుకు వచ్చే ధర తర్వాత రాదు గనుక. తొలి కోతలన్నీ తప్పు కాదు. ఉగాది పచ్చడికి పుల్ల మామిడి కావాలి, ఆవకాయకు ముదురు పచ్చికాయ కావాలి. గాలికి రాలిన కాయను ఇంటి ఆడవాళ్లు ముక్కలు కోసి ఒరుగులు పెడతారు. నిజామాబాద్ మార్కెట్లో ఆమ్‌చూర్ వ్యాపారం సాగుతున్నదే పచ్చికాయ మీద. బాధంతా పండుగా అమ్మాల్సిన బంగినపల్లిని టెంక ముదరకుండానే చిక్కంతో దింపేయడంలో ఉంది.

ముదిరిన బంగినపల్లిని గుర్తుపట్టడం కష్టమేమీ కాదు. తొడిమ దగ్గర భుజాలు పైకి లేచి, తొడిమ చిన్న గుంటలో కూర్చున్నట్టుంటుంది. కోసి చూస్తే టెంక చుట్టూ కండ లేత పసుపుకు తిరిగి ఉంటుంది. బకెట్ నీళ్లలో వేస్తే ముదురుకాయ మునుగుతుంది, లేతది తేలుతుంది. ఆ తేలే కాయకు ఏ మందు పెట్టినా రంగు వస్తుందే తప్ప తీపి రాదు. తీపిగా మారాల్సిన పిండిపదార్థం అందులో ఇంకా చేరనే లేదు.

చట్టాల కొరత లేదు. కార్బైడ్‌తో పండ్లు మాగబెట్టడం నిషేధం. హైదరాబాద్ హైకోర్టు 2015లో తనంత తానుగా ఈ వ్యవహారాన్ని విచారణకు తీసుకుంది. 2016లో ఆహార భద్రతా సంస్థ ఇథిలీన్ వాయువును 100 పీపీఎం దాకా అనుమతించింది. 2017లో బంగినపల్లికి భౌగోళిక గుర్తింపూ దక్కింది. అది పేరును కాపాడుతుంది, లేతకాయ కోతను ఆపదు.

ఆపాలంటే రైతుకు డిసెంబరులోనే పెట్టుబడి అందాలి. కిసాన్ క్రెడిట్ కార్డు మీద మూడు లక్షల దాకా రుణం, గడువులోగా కడితే నాలుగు శాతం వడ్డీకే దొరికే ఏర్పాటు ఉంది, ఉద్యాన పంటలకూ వర్తిస్తుంది. బ్యాంకు మేనేజర్లు పూత రాకముందే మామిడి ఊళ్లకు వెళ్లి ఆ కార్డులు రెన్యువల్ చేయాలి. రైతు ఉత్పత్తిదారుల సంఘాలకు ఇథిలీన్ గదులు కట్టిస్తే నాలుగు వారాలు ఆగి ముదిరిన కాయను కోసి, ఊళ్లోనే మాగబెట్టుకుని అమ్ముకోగలరు.

నున్న, బాటసింగారం పండ్ల మార్కెట్లలో ఒక పని ఈ సీజన్‌లోనే చేయవచ్చు. మార్చి, ఏప్రిల్ నెలల్లో వచ్చే ప్రతి లోడు నుంచి పది కాయలు తీసి, అందరి ఎదుటా నీళ్ల తొట్టిలో వేయాలి. ఎక్కువ కాయలు తేలిన లోడును పచ్చడి కాయ కింద మాత్రమే వేలం వేయాలి.