‘కేర్‌ఫుల్‌గా ఉండటం మంచిదేగా’ అంటే సరిపోదు

గ్రూప్‌-2 పరీక్షలో చివరి పద్దెనిమిది ప్రశ్నలు నేను చదవనే లేదు. ప్రిపరేషన్ లేక కాదు, టైమ్ లేక. ఓఎంఆర్ షీట్‌లో హాల్‌టికెట్ నంబర్ సరిగ్గా బబ్లింగ్ చేశానా లేదా అని ప్రతి పది ప్రశ్నలకోసారి వెనక్కి వెళ్లి చూసుకున్నాను. సరిగ్గానే ఉందని కళ్లకు కనిపిస్తోంది. మనసేమో ‘ఇంకొక్కసారి’ అంటోంది. బయటికొచ్చి ఫ్రెండ్‌కు చెబితే ‘కేర్‌ఫుల్‌గా ఉండటం మంచిదేగా’ అన్నాడు.

ఆ మాటే నన్ను రెండేళ్లు ముంచింది. నీట్‌గా ఉండేవాళ్లు ‘నాకు కొంచెం ఓసీడీ’ అని నవ్వుతూ చెప్పుకుంటారు. నీట్‌నెస్ వేరు, ఇది వేరు. వద్దనుకున్నా పదే పదే వచ్చి పడే ఆలోచన, ఆ బాధ తట్టుకోలేక చేసే పని... ఇవి రోజులో గంటకు పైగా తినేస్తూ, చదువునో ఉద్యోగాన్నో దెబ్బతీస్తుంటే అది జబ్బే. చేతులు కడగడం, తాళం చూసుకోవడం అందరికీ తెలిసినవి. చెప్పుకోలేనివి ఇంకా ఉంటాయి. దేవుడి పటం ముందు నిలబడితే బూతు మాట మెదులుతుంది. కన్నవాళ్లకే హాని చేస్తానేమోనని భయం వేస్తుంది. అలా అనిపించినంత మాత్రాన మనిషి చెడ్డవాడు కాడు. తన స్వభావానికి విరుద్ధం కాబట్టే అంత వేదన.

చికిత్స విషయంలో నా మొదటి ఏడాది వృథాగా పోయింది. మోటివేషన్ క్లాసులకు వెళ్లాను. ప్రాణాయామం చేశాను. దాంతో కాసేపు హాయిగా ఉండేది, కాదనను, కానీ ఓసీడీ తగ్గలేదు. ఒక కౌన్సిలర్ మణికట్టుకు రబ్బరు బ్యాండు వేసుకుని, చెడు ఆలోచన వచ్చినప్పుడల్లా లాగి వదలమన్నారు. మందు తాగేటప్పుడు కోతిని తలచుకోవద్దన్నట్టే అయింది. తరిమేకొద్దీ ఆ ఆలోచన ఇంకా గట్టిగా వచ్చేది.

ఓసీడీకి బాగా పనిచేస్తుందని రుజువైన థెరపీ ఒకటుంది: ఎక్స్‌పోజర్ అండ్ రెస్పాన్స్ ప్రివెన్షన్. షార్ట్‌గా ఈఆర్‌పీ. ఇదేం కొత్తది కాదు. విక్టర్ మేయర్ అనే సైకాలజిస్టు లండన్‌లో ఇద్దరు రోగులపై ఈ తరహా పద్ధతి ప్రయోగించి, ఫలితాలను 1966లోనే ప్రచురించారు. సూత్రం ఒక్కటే. భయపెట్టే పరిస్థితిలోకి కావాలనే వెళ్లాలి, ఆ తర్వాత ఊరట కోసం చేసే పని చేయకుండా ఆగాలి.

చెప్పడానికి తేలికే. నాకు మొదటి సెషన్‌లో భయాల పట్టిక రాయించారు, ఒక్కోదానికి వందకు మార్కులతో. వాట్సాప్ మెసేజ్‌ను తిరిగి చదవకుండా పంపడానికి 30. అప్లికేషన్‌ను ఒక్కసారే చూసి సబ్మిట్ నొక్కడానికి 60. మాక్ టెస్టులో నంబర్ మళ్లీ చూసుకోకుండా షీట్ ఇచ్చేయడానికి 90. కింది నుంచి మొదలుపెట్టాం. మెసేజ్ పంపి ఫోన్ పక్కన పెట్టి కూర్చోవాలి. గుండె దడదడలాడుతుంది. ‘తప్పు పడలేదులే’ అని సర్దిచెప్పుకోవడం కూడా నిషిద్ధం. ‘పడిందేమో, పడి ఉండొచ్చు’ అని ఊరుకోవాలి. మొదటి రోజు నలభై నిమిషాలు నరకం చూశాను. అదే పనిని వారంలో ఆరేడుసార్లు చేశాక పది నిమిషాల్లో మామూలైపోయాను.

అన్నిటికన్నా కష్టం మనవాళ్లతోనే. ‘అన్నా, నేను సబ్మిట్ కొట్టానా?’ అని రూమ్మేట్‌ను రాత్రికి అయిదుసార్లు అడిగేవాణ్ని. పాపం, అయిదుసార్లూ ‘కొట్టావ్‌రా, పడుకో’ అనేవాడు. అతను ప్రేమతో చెప్పిన జవాబే నా జబ్బుకు మేత అని థెరపిస్టు చెప్పేదాకా ఇద్దరికీ తెలీదు. తర్వాత ‘ఆ ప్రశ్నకు నేను జవాబు చెప్పన్రా’ అనడం మొదలుపెట్టాడు. వారం రోజులు అతనితో సరిగ్గా మాట్లాడలేదు నేను.

కొందరికి మందులూ అవసరమవుతాయి. ఫ్లూఆక్సెటిన్, సెర్ట్రలిన్ లాంటివి సైకియాట్రిస్టులు రాస్తారు. ఓసీడీలో వాటి ప్రభావం తెలియడానికి ఎనిమిది నుంచి పన్నెండు వారాలు పట్టొచ్చు. రెండో వారంలోనే ‘పని చేయట్లేదు’ అని మానేసేవాళ్లు ఎక్కువ. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే నిద్రమాత్రలు మాత్రం దీనికి చికిత్స కాదు. పైగా అలవాటైపోతాయి. ఇంటర్వ్యూ అంటే వణికిపోయేవాళ్లకూ దారి ఇలాంటిదే: తప్పించుకోవడం మానేసి, చిన్న మాక్ ఇంటర్వ్యూ నుంచి మెట్టుమెట్టుగా ఎక్కడం.

థెరపిస్టును ఎంచుకునేటప్పుడు మొహమాటపడకండి. ‘ఈఆర్‌పీ చేయిస్తారా? హోంవర్క్ ఇస్తారా?’ అని ఫోన్లోనే అడగండి. క్లినికల్ సైకాలజిస్టుకు రిహాబిలిటేషన్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఉందో లేదో చూసుకోండి. ఎర్రగడ్డలోనూ, విశాఖలోనూ ప్రభుత్వ మానసిక వైద్యశాలలున్నాయి. బెంగళూరు నిమ్హాన్స్‌లో ఓసీడీకి ప్రత్యేక క్లినిక్కే ఉంది. ఎక్కడికి వెళ్లాలో తెలియకపోతే ‘టెలి మానస్’ 14416కు ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు.

నిజం చెప్పాలంటే ఈఆర్‌పీ నేర్చిన థెరపిస్టులు హైదరాబాద్‌లోనే వెతుక్కోవాలి, జిల్లాల్లో ఇంకా కష్టం. వేలకు వేలు ఫీజులు కట్టించుకునే కోచింగ్ సెంటర్లకు మోటివేషనల్ స్పీకర్‌ను పిలవడానికి డబ్బులుంటాయి. వారానికి ఒక్కరోజు క్లినికల్ సైకాలజిస్టును కూర్చోబెట్టడానికి ఉండవు! ఫీజు కట్టేముందు ఈ సంగతీ అడగండి.

‘ఆస్పత్రికి వెళ్తే ఉద్యోగం రాదేమో’ అన్న భయంతోనే నేను ఆర్నెల్లు ఆగాను. మానసిక చికిత్స వివరాలు గోప్యంగా ఉంచాలని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. మీ అనుమతి లేకుండా డాక్టర్ వాటిని కాలేజీకో కంపెనీకో చెప్పకూడదు.

పోయిన నెల మరో నోటిఫికేషన్‌కు అప్లై చేశాను. ఫారం ఒక్కసారి చూసి సబ్మిట్ నొక్కాను. పుట్టినతేదీ తప్పు పడిందేమోనని ఆ రాత్రి చాలాసేపు అనిపించింది. పీడీఎఫ్ తెరవలేదు. రూమ్మేట్‌ను అడగలేదు.