మెట్లెన్నో ముందే చెప్పండి

తెలంగాణ పర్యాటకాభివృద్ధి సంస్థ పెద్దలకు,



మాది నంద్యాల జిల్లా ఆత్మకూరు, నల్లమల అంచున ఉన్న ఊరు. ఊరికి రైలు లేదు. నందికొట్కూరు మీదుగా కర్నూలుకు బస్సే ఆధారం, అక్కణ్ణుంచి హైదరాబాదుకు పోవాలి. 1953లో ఆంధ్ర రాష్ట్రానికి మా కర్నూలు రాజధాని అయింది, 1956లో ఆ హోదా మీ నగరానికి వచ్చింది. ఉమ్మడి రాజధాని గడువు కూడా 2024 జూన్ 2తో తీరిపోయింది. అయినా మా పిల్లలు రాజధాని చూపించమని మారాం చేస్తే ఇప్పటికీ వాళ్ళ మనసులో ఉండేది చార్మినారే.

నేను పసితనంలో పోలియో సోకి, కాలికి క్యాలిపర్, చంకలో కర్రతో నడిచే మనిషిని. నా కూతురు రెండో తరగతి. ఒకచోట మెట్ల ముందు నేను ఆగిపోతే, "నాయనా, నువ్వీడనే కూచో, నేను పైకి పోయి చూసొచ్చి చెప్తా" అంది. అంత జనంలో ఆ వయసు పిల్లను ఒంటరిగా ఎట్లా పంపేది? దానికి తోడుపోవాల్సిన మనిషిని నేనే. నేను ఆగితే అదీ ఆగిపోయింది. నడవలేని తల్లిదండ్రుల గురించి అంతో ఇంతో మాట్లాడతారు గానీ, వాళ్ళ చెయ్యి పట్టుకుని కింద నిలబడిపోయే పిల్లలు ఎవరి లెక్కలోకీ రారు.

1591లో కట్టిన చార్మినార్‌కు లిఫ్టు పెట్టమని నేను అడగను. మీనారు లోపల మెలికలు తిరిగే ఆ 149 మెట్లు ఉన్నట్టే ఉండాలి. గోల్కొండలో బాలా హిస్సార్‌కు ఎక్కే సుమారు 360 మెట్లనూ చదును చేయమనను. మాకు ముందుగా తెలియాలి, అంతే. తెలిస్తే ఇంటి దగ్గరే ఆలోచించుకుంటాం. తోడుగా ఇంకో మనిషిని పిలుచుకొస్తాం. గోల్కొండలో పిల్ల మేనమామతో పైకి పోతుంది, నేను కింద ద్వారం గుమ్మటం దగ్గర చప్పట్లు కొడితే పైన వింటుంది. సాలార్‌జంగ్ మ్యూజియంలో గంట గంటకూ బొమ్మ బయటికొచ్చి గంట కొట్టే గడియారం ముందు ఇద్దరం కలిసే కూర్చుంటాం. జంతుప్రదర్శనశాల 380 ఎకరాలైనా బ్యాటరీ బండి ఉంది కాబట్టి ధైర్యంగా వస్తాం. మ్యూజియానికి శుక్రవారం, జూకు సోమవారం సెలవని అందరికీ తెలిసేలా రాస్తున్నారు. మెట్ల సంగతి కూడా అట్లాగే రాయవచ్చు కదా!

మా ప్రాంతంలో శివరాత్రికి వేలమంది వెంకటాపురం నుంచి అడవి దారిన శ్రీశైలం నడుస్తారు. నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను, కైలాసద్వారం... ఎక్కడ నీళ్ళు, ఎక్కడ ఎక్కుడు, ఎక్కడ పడక అన్నీ బయల్దేరకముందే తెలుసు. అందుకే ముసలివాళ్ళు సైతం ఆ కొండలెక్కుతారు. కష్టమైన దారికైనా ముందు కబురుంటే మనిషి సిద్ధపడతాడు.

లండన్ భూగర్భ రైలు 1863 నాటిది. అక్కడ ఇప్పటికీ లిఫ్టు లేని స్టేషన్లు చాలా ఉన్నాయి. అయితే మెట్లెక్కకుండా ఏ స్టేషన్‌లో బండెక్కవచ్చో చూపే పటాన్ని ఆ నగర రవాణా సంస్థే అచ్చువేసి ఇస్తుంది. హైదరాబాదు మెట్రో 2017లో మొదలైంది, స్టేషన్లలో లిఫ్టులున్నాయి. దిగిన తర్వాత దారి సంగతే చెప్పేవారు కావాలి.

చార్మినార్, గోల్కొండ కేంద్ర పురావస్తు శాఖవి. సాలార్‌జంగ్ మ్యూజియం కేంద్ర సాంస్కృతిక శాఖది, జూ అటవీ శాఖది, హుస్సేన్‌సాగర్‌లో బుద్ధుడి దగ్గరికి పోయే పడవలు మీవి. బస్సు దిగినవాడికి ఈ సరిహద్దులతో పనిలేదు. నగరానికి అతిథులను పిలిచేది మీరు. అందుకే ఈ లేఖ మీకు.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం మీకు తెలియనిది కాదు. అందుబాటు ప్రమాణాలు సిఫారసులుగా మిగిలిపోకూడదని, తప్పనిసరి నియమాలు చేయాలని 2024 నవంబరు 8న రాజీవ్ రతూరి కేసులో సుప్రీంకోర్టు కేంద్రాన్ని ఆదేశించింది. ఆ కేసులో కోర్టుకు నివేదిక ఇచ్చింది మీ శామీర్‌పేటలోని నల్సార్ విశ్వవిద్యాలయమే. తెలిసినవాళ్ళు మీ పక్కనే ఉన్నారు.

నేను కోరేవి నాలుగే.

ఒకటి, ప్రతి సందర్శన స్థలానికీ తెలుగు, ఉర్దూ, హిందీ, ఇంగ్లీషుల్లో ఒక్కో పేజీ: మెట్లెన్ని, పట్టుకోను కమ్మీ ఉందా, ర్యాంపు ఎటువైపు, చక్రాల కుర్చీ పట్టే మరుగుదొడ్డి ఉందా, ఆటో దిగిన చోటు నుంచి ఎంత దూరం, మధ్యలో కూర్చోను బల్లలున్నాయా, పడవెక్కేటప్పుడు ఎంత ఎత్తు దాటాలి.

రెండు, ఆ కొలతలు కర్రతో, చక్రాల కుర్చీతో తిరిగేవాళ్ళ చేతే తీయించండి.

మూడు, ఇవే ప్రశ్నలకు జవాబు చెప్పే ఫోను నంబరు ఒకటి పెట్టండి.

నాలుగు, పెద్దవాళ్ళు కింద ఆగిపోయినప్పుడు పిల్లలను పైకి తీసుకుపోయి క్షేమంగా తెచ్చి అప్పగించే, గుర్తింపు కార్డున్న గైడ్లను పెట్టండి. వాళ్ళ కూలి మేమే ఇచ్చుకుంటాం.

మొదటి మూడింటికీ ఒక్క రాయి కదిలించనక్కరలేదు, పెద్ద బడ్జెట్టూ అక్కరలేదు. వచ్చే వేసవి సెలవుల్లోగా కనీసం ఆ మొదటి పేజీ అయినా అచ్చువేయండి. అది చదువుకుని, పిల్లను వెంటబెట్టుకుని మీ నగరానికి వస్తాం.

ఇట్లు,
ఆత్మకూరు నుంచి ఒక తండ్రి