పాత ప్రోగ్రాములకూ చోటుండాలి



వార్షికోత్సవ సంచికలో కంప్యూటర్ల గొడవ ఎందుకని కొందరు అనుకోవచ్చు. మన హాస్టల్ పిల్లలకు నేరుగా తగిలే విషయం గనుకనే రాస్తున్నాం.

ఈ హాస్టల్లో చదువుకుని, ఇప్పుడు ప్రోగ్రాములు రాసి బతుకుతున్న మేము పైథాన్ భాష మొదలుపెట్టింది కోఠిలో కొన్న ఒక పాత పుస్తకంతో. ముగ్గురికీ ఒకటే పుస్తకం. అందులోని మొదటి ఉదాహరణే కాలేజీ ల్యాబ్‌లో ఎర్రర్ అని వచ్చింది. పదిసార్లు టైపు చేశాం. ఇంగ్లీషు మీడియం వాళ్ళకు వస్తుంది, మనకు రాదులే అనుకున్నాం. అసలు సంగతి తర్వాత తెలిసింది. పుస్తకం పైథాన్ 2ది, ల్యాబ్‌లో ఉన్నది పైథాన్ 3. 2008 డిసెంబరులో వచ్చిన పైథాన్ 3లో 'ప్రింట్' తర్వాత బ్రాకెట్లు తప్పనిసరి చేశారు. అంతకన్నా చిక్కు ఇంకొకటుంది. 7ను 2తో భాగిస్తే పాతదానిలో 3 వచ్చేది, కొత్తదానిలో 3.5 వస్తుంది. ఎర్రర్ చూపిస్తే దిద్దుకుంటాం. చడీచప్పుడు లేకుండా జవాబే మారిపోతే కనిపెట్టేదెలా?

పాత వెర్షన్ కోసం రాసినది కొత్త వెర్షన్‌లోనూ నడవడాన్నే బ్యాక్‌వర్డ్ కంపాటిబిలిటీ అంటారు. ప్రోగ్రాములు రాసేవాళ్ళు అన్నీ సొంతంగా రాసుకోరు. ఓపెన్ సోర్స్ లైబ్రరీలు, అంటే ఎవరైనా ఉచితంగా వాడుకోగల కోడ్, తీసుకుని వాటి మీద కట్టుకుంటారు. పునాది కదిలితే పైనున్న గోడలన్నీ బీటలు వారతాయి.

2010లో జీలిబ్‌సీ అనే లైబ్రరీలో మెమ్‌కాపీ అనే ఫంక్షన్‌ను వేగం కోసం మార్చారు. దాంతో ఫెడోరా 14 వాడేవారికి ఫ్లాష్‌లో శబ్దం చెడిపోయింది. నిజానికి ఆ ఫంక్షన్ నియమాన్ని పాటించనిది ఫ్లాషే. అయినా, మామూలుగా వాడుకునేవారికి ఆ వాదనతో పనిలేదని, నిన్న పనిచేసినది నేడూ పనిచేయాలని లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ పట్టుబట్టారు. చివరకు 2011లో వచ్చిన 2.14 వెర్షన్‌లో పాత ప్రోగ్రాములకు చెరుపు చేయని రూపం ఒకటి, కొత్తవాటికి వేగమైన రూపం ఒకటి, రెండూ ఉంచారు. మనసుంటే మార్గముంటుందనడానికి ఇదే సాక్ష్యం.

అయితే రెండో పక్షం మాట కూడా వినాలి. ఈ లైబ్రరీలను నడిపేవారిలో చాలామంది జీతం లేకుండా, ఉద్యోగం చేసి వచ్చాక రాత్రిపూట పనిచేసేవారే. ప్రతి పాత తప్పునూ ఎల్లకాలం మోయమనడం న్యాయం కాదు. 7ను 2తో భాగిస్తే 3.5 రావడమే సబబు కూడా. పైథాన్ వారు పాత వెర్షన్‌ను 2015లో ఆపేద్దామనుకుని, జనం ఇంకా మారలేదని చూసి 2020 జనవరి 1 వరకు పొడిగించారు. ఆ ఓపికను మెచ్చుకోవాల్సిందే.

కనుక మా అభిప్రాయం ఇది. మార్పు వద్దనం. కానీ మార్చేముందు హెచ్చరిక ఇవ్వాలి, గడువు ఇవ్వాలి, పాతదాన్ని కొత్తదానిలోకి మార్చుకునే దారి రాసి పెట్టాలి. పాతవి నడవని మార్పు చేస్తే వెర్షన్‌లో మొదటి అంకె మార్చి ఆ సంగతి బాహాటంగా చెప్పాలి. ఎందుకంటే కొత్త పుస్తకం, కొత్త కంప్యూటర్ కొనగలిగినవాడు ఎలాగోలా సర్దుకుంటాడు. సీనియర్ వదిలి వెళ్ళిన పుస్తకంతో చదివేవాడే మొదట దెబ్బతింటాడు. వాడి గొంతు లైబ్రరీ రాసేవారి దాకా వెళ్ళదు.

ఆ గొంతు వినిపించే బాధ్యత మనది. ఉచితంగా వాడుకుని ఊరకుంటే సరిపోదు. ఏ మార్పుతో ఏది ఆగిపోయిందో లైబ్రరీ నడిపేవారికి వివరంగా రాయండి. పాత కోడ్‌ను కొత్త వెర్షన్‌లో పరీక్షించి చూపండి. తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు పుస్తకాలిచ్చేటప్పుడు ఏ వెర్షన్‌దో అట్ట మీద రాసివ్వండి. ఆ ఒక్క మాట మా పుస్తకం మీద ఉండి ఉంటే, మాకు చదువు రాదని మేము అనుకునేవాళ్ళం కాదు.