సఫాయీ ఇచ్చుకునే అదబ్ చాలు

ఉర్దూల ‘అదబ్’ అంటే సాహిత్యం, మర్యాద కూడా. మన తెలుగు ముస్లిం రచయితల దగ్గర ఈ రెండోది జర ఎక్కువైందేమో అనిపిస్తది.

బురా మానొద్దు. 1991ల ఖాదర్ మొహియుద్దీన్ ‘పుట్టుమచ్చ’ రాకముందు తెలుగు సాహిత్యంల మనం చాలావరకు పక్కన నిలబడ్డ సాయిబులమే. 1998ల ‘జల్‌జలా’, 2004ల ‘వతన్’ వచ్చినంక మన దర్ద్‌కు మన జబానే దొరికింది. ఆ కర్జ్ తీరేది కాదు. కానీ ఆ తర్వాత వస్తున్న కథలు చానా చదివిన. సేమియా, కర్ఫ్యూ, అనుమానంగ చూసే పక్కింటాయన, ఆఖర్ల మేమూ మంచోళ్లమే అనే సఫాయీ. ఎవరి వాకిట్లనో నిలబడి గవాహీ చెప్తున్నట్టే ఉంటది. మనోళ్లు రాసిండ్రు కదా అని ‘మాషా అల్లాహ్’ అని ఊకుంటే, రాసేటోళ్లకే నుక్సాన్.

కోరుట్లకు రండి. ఒళ్లో చాట పెట్టుకొని, తడిపిన తునికాకు కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, దారం కట్టే ఆపా చేతులు చూడండి. బాగాలేవని పక్కన పారేసే బీడీలకు కూలి ఉండదు. అయినా ఆ ఇంట్ల నవ్వులుంటయి, అత్తాకోడళ్ల లడాయిలుంటయి, దాచుకున్న మొహబ్బత్ ఉంటది. జగిత్యాలల బీవీ, దుబాయ్‌ల శౌహర్. రెండు నెలల ఛుట్టీల బతికే ఆ కాపురం మీద ఒక పెద్ద నవల రావద్దా? సిరిసిల్లల సాంచాల చప్పుడు నడుమ బతికే పద్మశాలీ పడోసీ, ‘మంచి హిందూ దోస్త్’ లెక్క కాకుండ, తన అప్పులతోని, తన కోపంతోని పూరా మనిషిగ మన కథలకు రావద్దా?

ఖదీర్‌బాబు ‘దర్గామిట్ట కతలు’ ఎవరికీ సంజాయిషీ ఇయ్యవు. అల్లరి చేస్తయి, నవ్విస్తయి. ఇక సిరిసిల్ల దిక్కు హనుమాజీపేటల పుట్టిన సినారె ఉర్దూ మీడియంల చదివి, తెలుగుల గజళ్లు రాసిండు. ఆయన తెచ్చింది ముషాయిరా ఉర్దూ. బావర్చీఖానా ఉర్దూ మనమే తేవాలె, బ్రాకెట్ల అర్థాలు పెట్టకుండ. మన పిల్లల్ల చానామందికి ఉర్దూ చదవరాదు. నానీ ముచ్చట్లు తెలుగులకు ఎక్కకపోతే వాళ్లకు అందయి.

నేనైతే ఒక ఇంతెహాన్ పెడ్త. అమ్మీ బీడీలు చుట్టేటప్పుడు ఆ కథ బిడ్డతోని చదివించాలె. ఆమె చేతులు ఒక్క నిమిషం ఆగినయా, లేకపోతే ‘ఝూట్, మన ఇండ్లల్ల గిట్ల మాట్లాడరు’ అన్నదా? అన్నదంటే మళ్లీ రాయాలె.