పాత వీధిలో బాడుగ యిల్లు

బాడుగ యిల్లు కుదుర్చుకొనునపుడు మన కుటుంబములలో నొక వాడుక కలదు. మగవారు పోయి యిల్లు చూచి వత్తురు, బేర మాడుదురు, అడ్వాన్సు చెల్లింతురు. పాలు పొంగించునాడు ఇల్లాలు మొదటిసారి ఆ గడప దాటును. పగలెల్ల ఆ యింట మెలగవలసిన దామె. నీళ్లు పట్టుకొనవలసిన దామె. పొయ్యివద్ద ఉక్క కోర్చవలసిన దామె. కాపురము పెట్టిన పిదప లోపములు లెక్కించుటకంటె, మాట యియ్యకముందే ఆమె చూచి చెప్పుట మేలు కదా! ఈ నెల ఆ విషయమునే ముచ్చటింప దలచితిమి. ఇందులకు హిందూపురము, పెనుకొండ, ధర్మవరము అను మూడు పాత యూళ్లను దృష్టాంతముగా గైకొనుచున్నాము. 2022 ఏప్రిలు 4వ తేదీన ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలోని వీ మూడును.

ఊరి వెలుపల కొత్త కట్టడము లెన్ని లేచినను, నడియూరి వీధిని కోరువా రిప్పటికిని పలువురు కలరు. గడప దిగిన సంత. మలుపు తిరిగిన గుడి. పిలిచిన పలుకు పొరుగు. భర్త పనిమీద పొరుగూరు పోయినపుడు బిడ్డకు జ్వరము వచ్చినచో, ఎదురింటి అవ్వ తోడుండును. ఈ లాభమునకు వెల కట్టరాదు. అయినను ఆ వీధులలోని యిండ్లు పాతవి, సందులు ఇఱుకు, ఒక్క కొళాయికి నాలుగు కుటుంబములు. కావున చూడవలసిన రీతిని చూడవలెను.

మొదట పెనుకొండ మాట. 1565లో తళ్ళికోట యుద్ధము పిదప తిరుమలరాయలు విజయనగరమును విడిచి రాజధాని నిచ్చటికి మార్చెను. కోటగోడలు, గగనమహలు, పార్శ్వనాథ జైనాలయము, బాబయ్య దర్గా నేటికిని చూపరుల నాకర్షించుచున్నవి. చేరువనున్న ఎఱ్ఱమంచివద్ద కియా కార్ల కర్మాగారము 2019లో పని మొదలిడినది మొదలు, ఉద్యోగమునకై వచ్చిన కుటుంబములును ఈ ప్రాంతమున ఇండ్లు వెదకుచున్నవి. ఇట్టి చోట యజమాని “స్నానపుగది తర్వాత కట్టింతును, ముందు చేరుడు” అనుట వాడుక. ఆ మాట నమ్మకముందు ఒక విచారణ చేయవలెను. కేంద్రప్రభుత్వ రక్షణలో నున్న ప్రాచీన కట్టడమునకు 100 మీటర్లలోపల కొత్త నిర్మాణము కూడదనియు, ఆపై మఱి 200 మీటర్లవఱకు అనుమతి పొందియే కట్టవలెననియు 2010లో సవరింపబడిన చట్టము చెప్పుచున్నది. మరమ్మతునకును అనుమతి వలయును. యజమాని మంచివాడే కావచ్చును. కాని కట్టుటకు వీలులేని గదిని ఆయన యెట్లు కట్టింపగలడు? ఉన్న వసతినే చూచి బాడుగ నిర్ణయించుకొనుడు.

సీమలోని పాత యిండ్లు పెక్కు మట్టిమిద్దెలు. రాతిగోడలపై దూలములు పఱచి, పైని చవుడు మన్ను పోసినవి. వేసవిలో చల్లగా నుండును గాని, వానలకు ముందు చవుడు సరిచేయనిచో కారక మానవు. ఇల్లు చూడబోయినపుడు తల పైకెత్తి చూడుడు. దూలముల ప్రక్క తడిచారలు మీకు నిజము చెప్పును. చవుడు పోయించు ఖర్చు ఎవరిదో ముందే వ్రాసికొనుడు. తాను చేయవలసిన మరమ్మతును తెలియపఱచిన పిదపయు యజమాని తగిన కాలములో చేయనిచో, బాడుగదారు చేయించుకొని ఆ ఖర్చును బాడుగలో విఱచుకొనుటకు 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టమున తావు కలదు.

ఇక ధర్మవరము. ఇచ్చటి నేతవారికి ఇల్లనగా వంటిల్లు, పడకగది మాత్రమే కాదు, మగ్గపు తావుకూడ. గుంటమగ్గమునకు నేలలో గుంట త్రవ్వవలెను. నేతగాడు గుంట యంచున కూర్చుండి, కాళ్లు లోనికి జారవిడిచి, తొక్కుడుకఱ్ఱలను త్రొక్కుచు నేయును. పడుగు సాగుటకు పొడవైన గది వలయును. ఇంటి ఆడువారు అన్నము వార్చుచునే కండెలు చుట్టుదురు, ఆసు పోయుదురు. మనము పెండ్లికి కట్టుకొను పట్టుచీరలో వారి కూలి కానరాదు గాని, వారి శ్రమ మాత్ర మున్నది.

మే మెఱిగిన యొక కుటుంబము నచ్చట తొమ్మిదేండ్లొకే యింట నుండెను. కాగితము లేదు, మాటయే కాగితము. యజమాని మరణించిన పిదప కుమారుడు ఇల్లమ్మదలచి, పక్షము దినములలో ఖాళీ చేయుడనెను. మగ్గముపై పడుగు సగమే నేయబడి యున్నది, వానకాలము. మగ్గము విప్పి మఱియొక యింటికి చేర్చునప్పటికి పోగులు చిక్కువడి తెగినవి. ఆ యిల్లాలు రేయింబవళ్లు కూర్చుండి యతికినది. “ఇల్లు పోతే ఇంకో ఇల్లు దొరుకుతుందమ్మా! పడుగు పోతే ఏం తిని బతకాల?” అని యామె మాతో నన్నమాట మఱపునకు రాదు.

ఆ కుమారుడు చట్టమును మీఱినాడా యన్న, అదియు చెప్పజాలము. వేఱు ఒడంబడికగాని స్థానిక చట్టముగాని లేనిచో, నివాసమునకై నెలవారీ బాడుగకున్న వారి కియ్యవలసిన నోటీసు పై చట్టము ప్రకారము 15 దినములే. కొన్ని చీరల నిడివిగల పడుగు ఆ గడువులో ముగియదు. కావున నేత యిండ్లవారు కాగితమున నొక వాక్యము తప్పక చేర్పవలెను: “మగ్గముపై నున్న పడుగు ముగియువఱకు గడు వీయవలెను.” గుంట త్రవ్వుటకు సమ్మతియు, పోవునాడు దానిని పూడ్చి నేల సరిచేయుదుమను మాటయు అందే యుండవలెను. 2019 డిసెంబరు 21న ఈ ధర్మవరముననే నాటి రాష్ట్రప్రభుత్వము నేతన్న నేస్తమను పథకమును ప్రారంభించి, సొంత మగ్గముగల కుటుంబమునకు ఏటికి 24,000 రూపాయలు చొప్పున కొన్నేండ్లు ఇచ్చెను. మగ్గము సొంతమైనను, అది నాటుకొన్న నేల పరాయిదైనపుడు, ఆ నేలకును ఒక మాట కట్టుబాటు వలయును గదా!

హిందూపురము బెల్లము, చింతపండు, మిరపకాయల వర్తకమునకును, పట్టుగూళ్ల మార్కెట్టునకును పేరుపడినది. కర్ణాటకము చేరువ యగుటచే, ఆ వైపు వాడుకలో నున్న భోగ్యపు పద్ధతి యిచ్చటివారికిని క్రొత్త కాదు. అనగా పెద్దమొత్తమును యజమాని చేతబెట్టి, నెలబాడుగ లేకుండ నుండి, గడువు తీరినపుడు ఆ మొత్తమును తిరిగి పుచ్చుకొనుట. నెలనెల బాధ లేదని సంతసింతుము. కాని ఆ మొత్తము తఱచు ఇల్లాలి బంగారమును కుదువబెట్టి తెచ్చినదై యుండును! యజమాని దానిని ఖర్చుచేసికొని, గడువునాటికి “మఱియొకరు చేరిన పిమ్మట ఇత్తు” ననినచో ఏమి చేయగలము? ఇట్టి యేర్పాటునకు పూనుకొనక ముందు సబ్‌రిజిస్ట్రారు కచేరినుండి ఆ యింటి ఈ.సీ. తెప్పించి, ముందే తాకట్టున్నదేమో చూడుడు. పత్రమును రిజిస్టరు చేయింపుడు. చేబదులు కాగితముతో బంగారమును ధార పోయకుడు.

మామూలు బాడుగకైనను కాగితము వలయును. 1908 నాటి చట్టమునకు మన రాష్ట్రమున జరిగిన సవరణ ప్రకారము, గడు వెంతదైనను బాడుగ పత్రమును రిజిస్టరు చేయవలెను. వాడుకలోని 11 నెలల కాగితమునకును ఇదియే వర్తించును. 2021 జూను 2న కేంద్ర మంత్రివర్గ మామోదించిన నమూనా చట్టము, నివాసగృహమునకు అడ్వాన్సు రెండునెలల బాడుగకు మించరాదనియు, తగవు వచ్చినను నీరు, విద్యుత్తు నిలుపరాదనియు చెప్పుచున్నది. అది నమూనాయే, రాష్ట్రము తన చట్టము చేసికొనిననే అమలగును. అయినను బేరమునకు మంచి కొలబద్ద.

సోదరీమణులారా! ఇల్లు చూచుటకు ఒకసారి ఉదయమున, ఒకసారి చీకటి పడిన పిదప పొండు. కొళాయి ఎన్ని దినముల కొకసారి వచ్చునో యజమానిని గాక పొరుగింటి యిల్లాలి నడుగుడు. మరుగుదొడ్డి ఎందఱిదో, రాత్రివేళ అచ్చటికి దీప మున్నదో చూడుడు. చెల్లించిన ప్రతి రూకకు రసీదు పుచ్చుకొనుడు. అన్నిటికంటె ముఖ్యముగ, బాడుగ కాగితమున భర్త పేరుతోపాటు మీ పేరును వ్రాయింపుడు. మీ బంగారముతో నిలిచిన కాపురము, మీ చేతితో చుట్టిన కండెలు, మీరు మోసిన నీరు గల యింట, కాగితమునమాత్రము మీరు లేకుండుట యేల? అడుగుటకు సిగ్గుపడకుడు. అడిగిననాడు యజమాని కాదనుటకు కారణ ముండదని మా నమ్మకము.